సిమెంటు బొచ్చెలో అన్నం

శుక్రవారం

ఈ ఉదయం కుండ మూత మీద మూడు అని వెలిగింది.

నిన్నటి దాకా నాలుగు. పదకొండేళ్లుగా నాలుగు. మా ఇంట్లో ఉండేది నలుగురం. నేను, తమ్ముడు యాకోబు, అతని భార్య ఎస్తేరు, అందరికన్నా చిన్నది మా చెల్లెలు సంపూర్ణ. ఎవరూ పుట్టలేదు. ఎవరూ పోలేదు.

మసేమోనని మూత తుడిచాను. మసి కాదు. మూడే.

గొట్టంలోంచి బియ్యం కుండలోకి రాలింది. ఆ చప్పుడులోనే తక్కువని తెలిసిపోయింది. నీళ్లు దిగకముందే, అమ్మ నేర్పినట్టు, ఒక పిడికెడు తీసి రంగు డబ్బాలో వేశాను. పిడికెడు బియ్యం తీయకుండా ఈ ఇంట్లో ఏనాడూ అన్నం ఉడకలేదు. అమ్మ కాలంలో అవి గుడికి వెళ్లేవి. మా ఊరు కొండ మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. గుడి ఇప్పుడు నాలుగో మెట్టు మీద, పైకెక్కిన సముద్రం నీళ్లలో ఉంది. మేముండేది ఏడో మెట్టు.

"కుండకి మతిమరుపు వచ్చినట్టుంది పెద్దక్కా," అంది సంపూర్ణ. "నన్నే మర్చిపోయుంటుంది. దాని తప్పేం లేదులే. ఉబ్బసం మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"నువ్వు దగ్గితే పక్క వీధి కుండ కూడా ఉలిక్కిపడుద్ది. నిన్ను మర్చిపోద్దా?" అన్నాడు యాకోబు.

సంపూర్ణ నవ్వింది. ఎస్తేరు నవ్వలేదు. మూడు కంచాల అన్నాన్ని నాలుగు కంచాల్లోకి సర్దుతోంది.

నాన్న ఈ ఇనప సామాన్ల కొట్టు నడిపిన మనిషి. ఏదైనా తేడా వస్తే ఆ రోజు నుంచే రాసిపెట్టుకోమనేవాడు. ప్రార్థన పుస్తకం వెనక తెల్ల కాగితాలున్నాయి. అందులో రాస్తున్నాను.

శనివారం

సంపూర్ణను వెంటబెట్టుకుని ఆహార మండలి కిటికీ దగ్గరికి వెళ్లాను. లోపల చిన్న వయసు అమ్మాయి. జడలో కనకాంబరాలు.

"మా ఇంట్లో నలుగురమమ్మా. కుండ ముగ్గురంటోంది."

"కుండ ముగ్గురంటే ముగ్గురేనండి."

"నాలుగో మనిషి నీ ఎదురుగానే నిలబడింది. చూడు తల్లీ."

ఆ అమ్మాయి సంపూర్ణ వైపు చూసింది. చూసి, ఒక కాగితం నా ముందుకు జరిపింది.

"ఈ ఏడు వానల్లేవు గదండీ. ఎక్కడ మిగులుతోందో చూడమని కుండలన్నిటికీ చెప్పారు. మీ ఇంట్లో ఒక మనిషి తిండి మిగులుతోందన్నమాట. ఎవరిదనేది కుండ చెప్పదు. పేరు మీరే రాయాలి. వచ్చే శనివారం కాదు, ఆపై శనివారం బండి మీ గుమ్మం ముందు ఆగుద్ది."

"రాయకపోతే?"

"కుండ పట్టుకెళ్లిపోతారండి."

కుండ లేకపోతే నలుగురికీ లేదు. మిగతా గిన్నెలన్నీ పదకొండేళ్ల కిందటే పోయాయి. కుండలు పంచిన రోజున చెంబులు, తపేలాలు, పెనాలు, చివరికి అట్లకాడలు, జల్లిగంటెలు కూడా బండ్లకెత్తి కరిగించారు. ఎవరింట్లో ఎంత వండుతున్నారో తెలియాలంటే ఒక్క కుండే ఉండాలన్నారు. మా కొట్టులోకి కూడా వచ్చి చూశారు. ఇవి ఇల్లు కట్టే సామాను, వంట సామాను కాదు గదా అని వదిలేశారు.

తిరిగొస్తుంటే శనివారం బండి ఎదురైంది. తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. కిటికీలుండవు. పేరు రాసినవాళ్లని ఎక్కించుకుని, కింది మెట్ల మీద దాక్కున్నవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి, సాయంత్రానికి పైకొస్తుంది. ఎక్కినవాళ్లని ఎక్కడ దింపుతారో ఎవరికీ తెలియదు. మేము గోడకి ఆనుకుని దారిచ్చాం.

"ఆ పిల్ల కనకాంబరాలు బాగున్నాయి పెద్దక్కా," అంది సంపూర్ణ. ఆయాసపడుతోంది.

ఆదివారం

తెల్లవారుతుండగా కొట్టు వెనక షట్టర్ మీద మూడుసార్లు చప్పుడైంది. తాపీ పిడితో తట్టే చప్పుడు. ఏలియా.

ఏలియా తాపీ మేస్త్రీ. నాన్న దగ్గరే సామాను కొనేవాడు. మూడేళ్ల కిందట అతని ఇంట్లోవాళ్లు అతని పేరు రాశారు. బండి మలుపు తిరిగేటప్పుడు దూకేశాడు. అలాంటివాళ్లు మరో ఎనిమిదిమంది, అతనూ, ఐదో మెట్టు మీద పాడుబడిన ఇళ్లలో ఉంటారు. శనివారం బండి దిగే వేళకి పరుగెత్తి పెద్ద సిమెంటు తూముల్లో దాక్కుంటారు. కుండ ఉన్న మనిషి ఐదో మెట్టుకు దిగకూడదు. దిగితే అంకె పోతుంది. అందుకని అతనే వస్తాడు. మా వీధిలో పిడికెళ్లు తీసే ఆడవాళ్లు ప్రతి శుక్రవారం ప్రార్థనకి వచ్చి మా రంగు డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ బియ్యం ఏలియాకి వెళ్తుంది.

షట్టర్ మోకాలెత్తు లేపాను. వంగి లోపలికొచ్చాడు.

"మొహం అట్టా ఉందేంటి తల్లీ?"

చెప్పాను.

కాసేపు తల గోక్కున్నాడు. "మా ఇంట్లోనూ అట్టానే మొదలైంది," అన్నాడు. తర్వాత కొట్టంతా కలయజూసి చిన్నగా నవ్వాడు. "అయినా ఇంత కొట్టు పెట్టుకుని పస్తుండటమేంటి? ఇయ్యన్నీ గిన్నెలే గదా."

"ఇవా?"

"మేం దేంట్లో వండుకుంటున్నామనుకున్నారు? సిమెంటు కలిపే బొచ్చెలో వార్చుకుంటాం. గరిటె బదులు తాపీ. అల్లం ఆకురాయి మీద అరగదీస్తే ఏ రోలూ అక్కర్లేదు. మా సలోమికి సున్నం జల్లెడ లేకపోతే పొద్దుగడవదు."

రాక్‌లోంచి కొత్త బొచ్చె ఒకటి తీశాను. వేలితో గీకి, వాసన చూసి, పక్కన పెట్టేశాడు.

"దీనికి రంగేశారు. కాగబెట్టినకొద్దీ విషం వాసనే. నాది తెచ్చిస్తానుండండి. మూడేళ్లు కాగి కాగి నల్లగా నిగనిగలాడుతుంది."

గంటలో వెళ్లి తెచ్చాడు. నెత్తి మీద బోర్లించుకుని వచ్చాడు, ఎండకి టోపీలాగా. తొమ్మిదిమందికి సరిపడే బొచ్చె.

"మరి మీకో?"

"ఓ వారం డబ్బాల్లో కాచుకుంటాం. వచ్చే ఆదివారం నా బొచ్చె నాకిచ్చెయ్యాల. మాకున్నది అదొక్కటే."

ఊరికే తీసుకోబుద్ధి కాలేదు. కొత్త జింకు బకెట్ ఒకటి అతని చేతికిచ్చాను. దాన్ని వేలితో మోగించి చూసుకున్నాడు.

"నీళ్లకి పనికొస్తుంది. మీరూ ఇనండి తల్లీ. ఈ జింకు పూత దాంట్లో పులుపు మాత్రం కాచకూడదు. చింతపండు తగిల్తే పూత కరిగి కూట్లోకి దిగుద్ది. పేగులు బయటికొచ్చేట్టు వాంతులు. మా అమ్మ కళాయి పొయ్యిన ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే కొట్టేది. అంతకన్నా చెడ్డది ఇది."

బియ్యం డబ్బా ఇచ్చాను. అందులో సగం నా కొంగులో పోశాడు. వద్దన్నా వినలేదు.

"వచ్చే వారం మీకో గరిటె చేసుకొస్తా. రాగి గొట్టంతో," అని షట్టర్ కింద నుంచి వెళ్లిపోయాడు.

సోమవారం

గోదాములో సిమెంటు బస్తాల వెనక వండాం. రేకులు అతకడానికి వాడే, మంట చిమ్మే బ్లో లాంప్ వెలిగించి, మూడు ఇటుకల మీద బొచ్చె పెట్టాను. పొగ లేదు.

యాకోబు వడ్రంగి చిత్రికతో దోసకాయ తరిగాడు. తిరగేసి పట్టుకుని కాయని దాని మీద నడిపితే కాగితాల్లాంటి ముక్కలు పడ్డాయి. ఎస్తేరు తూకపు గుండుతో మిరియాలు నలిపింది. గోడ నిలువు చూసే ఆ గుండు అరచేతిలో రోకలిలా ఇమిడిపోయింది. సంపూర్ణ కొత్త రంగు బ్రష్‌తో బొచ్చె అడుగున నూనె రాసింది.

"ఇన్నాళ్లూ మేకులు తూచి చచ్చాను," అంది. "ఇలాంటి పని ఉందని ఎవరూ చెప్పలేదే!"

"రసమట్టం తీసుకురానా?" అన్నాడు యాకోబు. "అన్నం ఎవరి కంచంలో ఎత్తుగా ఉందో చూసుకుందాం."

"నీ కంచానికి పెట్టన్నయ్యా, బుడగ కొట్టు బయటే ఆగుద్ది."

ఎస్తేరు కూడా నవ్వింది.

పదకొండేళ్ల తర్వాత అడుగంటిన అన్నం వాసన. కుండ ఎప్పుడూ అడుగంటనివ్వదు. తాపీతో ఆ మాడు చెక్కలు చెక్కలుగా లేచి వచ్చింది. ప్రార్థన చేసి తిన్నాం. సంపూర్ణ రెండోసారి పెట్టించుకుంది. ఇంట్లో కుండలో ముగ్గురి అన్నం ఉందన్న సంగతి సాయంత్రం దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

గురువారం

మూత మీద రెండు.

ముందుగా ఎస్తేరే అంది.

"ఇద్దరంటే వదినా, నేనూ ఆయనా అనుకోవాలా? మీరూ సంపూర్ణా అనుకోవాలా?"

"ఎస్తేరూ," అన్నాడు యాకోబు.

"ఏం, అడగకూడదా? కాగితం మీద రాయాల్సింది మనమేగా. రెండు పేర్లు. ఎవరో ఒకరు అడగాలిగా."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను కుండ మూత తీశాను. నిన్నటి అన్నం సగానికి సగం అలాగే ఉంది. మొన్నటిదీ అంతే మిగిలింది. బొచ్చెలో అన్నం రుచి మరిగి కుండలోది వదిలేశాం. మేము వదిలేసినదాన్ని అది తూచింది. ఈ ఇంట్లో ఇద్దరికే ఆకలి ఉందనుకుంది.

సంపూర్ణను బతికించుకోవాలని వండాను. వండినకొద్దీ అంకె తగ్గింది.

శుక్రవారం

ప్రార్థనకి ఎనిమిదిమంది ఆడవాళ్లు వచ్చారు. పాట అయ్యాక ఒక్కొక్కరినీ అడిగాను. రాహేలు ఇంట్లో ఐదు నాలుగైంది. దోర్కమ్మ ఇంట్లో మూడు రెండైంది. ఆమె తన పేరే రాసేసుకున్నానని నెమ్మదిగా చెప్పింది. ఏడుగురి ఇళ్లలో అంకె తగ్గింది. సువర్ణ ఒక్కదాని ఇంట్లో తగ్గలేదు.

"నేను పిడికెడు తియ్యట్లేదుగా సువార్తక్కా," అంది సువర్ణ తల దించుకుని. "మా అత్త ఒప్పుకోదు. నీకు చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా."

అప్పుడు తెలిసింది.

రోజుకి రెండు పిడికెళ్లు. పదకొండేళ్లు. గొట్టంలోంచి పడ్డదానికీ, ఉడికినదానికీ ఉన్న తేడాని కుండ ప్రతి పూటా చూసింది. వాన లేని ఏడు రాగానే ఆ తేడాని బయటికి తీసింది. దానికి దానం తెలియదు. మిగులు తెలుసు.

ఈ వీధిలో పిడికెడు తీయడం ఎవరు మొదలుపెట్టారు? నేను. పెళ్లయి వచ్చిన ప్రతి కోడలికీ, మూత పడేలోపు చెయ్యి పెట్టి ఎలా తీయాలో నేనే చూపించాను.

ప్రార్థన ముగించమన్నారు. ఆమెన్ ఒక్కటే అనగలిగాను.

శనివారం

యాకోబూ నేనూ కూర్చుని ఆలోచించాం. కుండకి ఆకలి చూపించాలి. అది ఇచ్చినదంతా తినాలి. అది ఇచ్చినదాని మీద ఇంకా పోసి వండి, అదీ తినాలి. ఒక్క మెతుకు మిగలకూడదు. వారం గడువుంది.

ఇంకా పోయడానికి బియ్యం రంగు డబ్బాలోనే ఉన్నాయి.

ఏడు ఇళ్లకీ ఇదే చెప్పి కబురు పెట్టాను. వచ్చి, నిన్న పోసిన పిడికెళ్లు ఎవరివి వాళ్లు పట్టుకెళ్లారు. దోర్కమ్మ తన కొంగులో పోసుకుంటూ నా మొహంలోకి చూడలేదు. మిగిలింది మాది. దాన్ని కుండలో పోశాను. డబ్బా అడుగు కనిపించింది.

తిన్నాక కుండ అడుగుని పుట్టీ బ్లేడుతో గీకాను. అద్దంలా అయ్యేదాకా గీకాను.

"రేపు ఏలియా వస్తాడుగా వదినా," అంది ఎస్తేరు.

"తెలుసు."

ఆదివారం

మూడుసార్లు తట్టాడు.

నేను షట్టర్‌కి ఇవతల మేకుల పెట్టె మీద కూర్చున్నాను. కడిగిన బొచ్చె నా కాళ్ల దగ్గరే ఉంది.

మళ్లీ మూడుసార్లు.

షట్టర్ ఎత్తితే బియ్యం ఏవని అడగడు. అడక్కుండా నిలబడతాడు. అది చూడలేననుకున్నాను.

"ఒంట్లో బాగోలేదేమోలే," అని బయట తనకి తానే చెప్పుకున్నాడు. కాసేపు ఆగాడు. తాపీ సంచిలో వేసుకున్న చప్పుడు. తర్వాత అడుగుల చప్పుడు, మెట్ల వైపు.

బాగా తెల్లవారాక షట్టర్ ఎత్తాను. గడప మీద గరిటె ఉంది. రాగి గొట్టాన్ని కాడ చేసి, పెద్ద కుళాయి మూతని సాగగొట్టి గిన్నె చేశాడు. అంచులు చేతికి గీసుకోకుండా ఆకురాయితో అరగదీశాడు.

బొచ్చె అయినా బయట పెట్టి ఉండాల్సింది. ఇది రాస్తుంటే తోచింది. అప్పుడు తోచలేదు.

బుధవారం

నిన్న మూడు. ఇవాళ నాలుగు.

యాకోబు కాగితాన్ని ముక్కలు చేసి బ్లో లాంప్ మంటలో పడేశాడు. ఎస్తేరు సంపూర్ణను పట్టుకుని ఏడ్చింది. ఆ రోజన్న మాటకి క్షమించమంది. సంపూర్ణ ఆమె వీపు నిమురుతూ నా వైపు చూసింది.

"పెద్దక్కా, ఆదివారం ఏలియా తాత ఏం పట్టుకెళ్లాడు?"

ఎవరికీ చెప్పలేదు నేను. అప్పుడు చెప్పాను.

సంపూర్ణ ఎస్తేరు వీపు మీంచి చెయ్యి తీసేసింది.

"నన్ను నాలుగో మనిషిని చెయ్యడానికి అక్కడ తొమ్మిదిమందినీ పస్తు పెట్టావన్నమాట."

"అవును."

"నన్నొక మాట అడగాల్సింది."

అవును. అది కూడా చేయలేదు.

కంచం ముందేసుకుని కూర్చుంది. తినకుండా అన్నం వైపే చూస్తోంది. ఉన్నట్టుండి అంది, "కుండ కంచం దాకానే చూస్తుంది. కంచంలోకి వచ్చాక దానికి కళ్లు లేవు."

తన కంచంలోంచి ఒక పిడికెడు అన్నం తీసి పక్కన పెట్టింది. ఎస్తేరు తన కంచంలోంచి తీసింది. యాకోబు. నేను. పచ్చి బియ్యం కాదు, ఉడికిన మెతుకులు. కుండ లెక్కలో అవి మేము తిన్నవే.

అన్నం వడియాలు పెట్టడం మర్చిపోలేదు నేను. ఉప్పు, వాము వేసి గుజ్జుగా నలిపాను. కిటికీ సందులకి లప్పం పట్టించే గన్‌లో ఖాళీ కొత్త గొట్టం బిగించి, అందులో కూరి నొక్కాను. డాబా మీద రేకు పరిచి వరసలు వరసలుగా పెట్టాం. ఈ ఎండకి రెండు రోజుల్లో గలగలలాడాలి. అంకె తిరిగొచ్చిన రాహేలుకీ దోర్కమ్మకీ కూడా నేర్పాను. తలా ఒక గన్ ఇచ్చాను.

ఆదివారం అతను వస్తాడు. క్షమాపణ అడుగుతాను. బొచ్చె ఇస్తాను.

శనివారం

బండి మా గుమ్మం ముందు ఆగలేదు. దోర్కమ్మ గుమ్మం ముందూ ఆగలేదు. నేరుగా కిందికి దిగిపోయింది.

సాయంత్రం పైకొచ్చింది. సరుకు దింపి వచ్చే బండినీ, సరుకుతో వచ్చే బండినీ నాన్న చప్పుడుతోనే గుర్తుపట్టేవాడు. మాకూ నేర్పాడు.

యాకోబు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను.

ఈ బండి ఖాళీగా రాలేదు.

ఆదివారం

చీకటి ఉండగానే షట్టర్ పూర్తిగా ఎత్తి కూర్చున్నాను. వడియాల సంచి ఒళ్లో ఉంది. తెల్లవారింది. ఎండ గడప దాటి మేకుల పెట్టె దాకా వచ్చింది.

ఎవరూ తట్టలేదు.

బొచ్చె నెత్తి మీద బోర్లించుకున్నాను. సంచి, గరిటె తీసుకున్నాను.

"అంకె పోతుంది వదినా," అంది ఎస్తేరు.

"పోనీ."

సంపూర్ణ షట్టర్ పట్టుకుని నిలబడింది.

ఐదో మెట్టు మీద చివరి ఇంట్లో మూడు రాళ్ల పొయ్యి ఉంది. పొయ్యి మీద జింకు బకెట్. నేనిచ్చిందే. అడుగున చింతచిగురు పులుసు ఎండిపోయి ఉంది. పులుసు నిలిచిన మేర పూత తినేసి, బకెట్ లోపల నల్లగా మచ్చలు పడింది. అంచుల దగ్గర మాత్రం ఇంకా కొత్తగా మెరుస్తోంది.

మూలనున్న గోనెల మీద ఇద్దరు పడుకుని ఉన్నారు. సలోమి, ఆమె పక్కన కళ్లు కనిపించని ఒక ముసలామె. సలోమి నన్ను చూసి లేవబోయింది. లేవలేకపోయింది.

"బియ్యం రాలేదుగా," అంది. నిందగా అనలేదు, జరిగింది చెబుతోంది. "ఆకులు తిన్నాం మూడు రోజులు. డబ్బాలు తొమ్మిదిమందికి చాలవు. శుక్రవారం పొద్దున చింతచిగురు దొరికింది. మీ బకెట్లో కాచొద్దని ఏలియా మొత్తుకున్నాడు. మరి దేంట్లో కాచాలి? ఆకలి మీదున్నవాళ్లు వింటారా? ఆఖరికి ఆయనా తాగాడు. రాత్రంతా వాంతులే. శనివారం బండి చప్పుడైతే తూముల దాకా పరుగెత్తే శక్తి ఎవరికుంది? మేమిద్దరం వాంతి చేసుకోడానికి గోడ వెనక్కి పోయాం. అందుకని మిగిలాం."

"ఏలియా?"

"ఒకడు చేతులు, ఒకడు కాళ్లు పట్టుకుని ఎక్కించారు. బొచ్చె సువార్తమ్మ దగ్గరుందని మాకు ముందే చెప్పాడు. ఒంట్లో బాగోలేక తలుపు తియ్యలేదు పాపం, వెళ్లి తెచ్చుకోండని చెప్పాడు."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్రార్థన కోసమే కూర్చున్నాను. ప్రార్థన చేయకుండానే లేచి పొయ్యి వెలిగించాను.

గురువారం

ఇక్కడే ఉన్నాను. ఇద్దరికీ గంజి పట్టిస్తున్నాను. సలోమి లేచి నాలుగడుగులు వేస్తోంది. ముసలామె పేరు తబిత. నన్ను ఎవరో ఏలియా మనిషి అనుకుంటోంది. కాదని చెప్పలేదు.

ఇంట్లో మూత మీద ఈపాటికి మూడు వెలిగి ఉంటుంది. ఈసారి అది నిజమే. కాగితం వస్తే ఎవరి పేరు రాయాలో వాళ్లు తేల్చుకోనక్కర్లేదు.

వడియాలు అయిపోవస్తున్నాయి. ఎసట్లో వేసేముందు ఇవాళ కూడా పిడికెడు తీసి పక్కన పెట్టాను. చెయ్యి దానంతటదే వెళ్లింది.

"ఎవరికమ్మా అది?" అంది సలోమి. "మనకన్నా కింద ఇంకెవరూ లేరుగా."

ఏమో, తెలియదన్నాను.

బొచ్చె బూడిదతో తోమి బోర్లించాను. జింకు బకెట్‌కి మేకుతో అడుగున చిల్లులు పొడిచాను, ఇంకెవరూ అందులో కాచకుండా. తూము దగ్గరికి రెండుసార్లు నడిచి చూశాను. తబితని వీపు మీద మోసుకుని వెళ్లడానికి నూట అరవై అడుగులు. బండి చప్పుడు మలుపు దగ్గర వినబడ్డాక లెక్క పెట్టుకుంటే, సరిపోవచ్చు.

ఎల్లుండి శనివారం.

అది దాటితే ఆదివారం తెల్లవారుజామున పైకి వెళ్తాను. కొట్టు వెనక షట్టర్ మూడుసార్లు తడతాను. సంపూర్ణ తీస్తుంది.

తీయకపోతే ఇంకో మూడుసార్లు తడతాను. అప్పటికీ తీయకపోతే, గరిటె గడప మీద పెట్టి వచ్చేస్తాను.